వీధి చివర కొట్లో కిలో టమాటా: ఆ ధరలో ఏమేం కలిసి ఉన్నాయి?

క్లుప్తంగా: మార్కెట్ యార్డులో కూరగాయల ధర పడినంత వేగంగా ఇంటి దగ్గరి కొట్లో ఎందుకు పడదన్నది తరచూ వినిపించే ప్రశ్న. కొట్టు ధరలో సరుకు ఖరీదు ఒక భాగమే. ఆటో కిరాయి, హమాలీ, కుళ్లిపోయే కిలోలు, పావుకిలో చొప్పున తూచి ఇచ్చే ఓపిక, అరువు కూడా అందులోనే ఉంటాయి. కూరగాయల్లో కొంత ఎక్కడో ఒకచోట పాడవక తప్పదు. ఆ నష్టం రైతు మీద పడుతుందా, కొట్టు మీద పడుతుందా, కొన్నవాళ్ల ఇంటి ఫ్రిజ్‌లో పడుతుందా అన్నదాన్ని బట్టే ధర మారుతూ ఉంటుంది.

మదనపల్లెలో టమాటా ధర కుప్పకూలిందని, రైతులు ట్రేలకు ట్రేలు రోడ్డు పక్కన పారబోశారని టీవీలో వార్త వస్తుంది. పత్తికొండ మార్కెట్‌లోనైతే కిలో రూపాయి, రెండు రూపాయలకు దిగజారిన రోజులూ ఉన్నాయి. అదే సాయంత్రం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీధి చివర కొట్టుకు వెళ్తే కిలో ఇరవై అంటారు. "యార్డులో అంత చవగ్గా ఉంటే ఇక్కడ ఇంతేంటి?" అని అడిగితే, "మాకు పడిందే అంత అమ్మా" అన్న జవాబు వస్తుంది. అడిగినవాళ్లు మోసపోయామనుకుంటారు. అమ్మేవాళ్లు తమ కష్టం ఎవరికీ అర్థం కాలేదనుకుంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అది తేలాలంటే ఒక ట్రే టమాటాను పొలం నుంచి కొట్టు దాకా వెంబడించి చూడాలి.

పొలానికీ కొట్టుకూ మధ్య

హైదరాబాద్ కొట్లలో కనిపించే కూరగాయల్లో చాలా భాగం బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్ల మీదుగా వస్తుంది. ఉల్లికి మలక్‌పేట పేరు. ఆకుకూరలు చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం లాంటి నగరం చుట్టుపక్కల మండలాల నుంచి రాత్రికి రాత్రే చేరతాయి. టమాటా సీజన్‌లో వికారాబాద్, చేవెళ్ల వైపు నుంచే దొరుకుతుంది. వేసవిలో స్థానిక పంట తగ్గాక మదనపల్లె మీద, కర్ణాటకలోని కోలార్ మీద ఆధారపడాల్సిందే. ఉల్లి మహారాష్ట్ర నుంచి, కొంత కర్నూలు నుంచి వస్తుంది. ఆలుగడ్డ ఆగ్రా వైపు శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి ఉండి వస్తుంది.

మదనపల్లెలో వేలంలో కొన్న ట్రే లారీ ఎక్కి, వందల కిలోమీటర్లు ప్రయాణించి, తెల్లవారేసరికి నగరంలో దిగుతుంది. అక్కడ మళ్లీ కమీషన్ ఏజెంటు, మళ్లీ హమాలీ, మళ్లీ బేరం. దారిలో అడుగున ఉన్న కాయలు నలుగుతాయి, నీరు ఆవిరై కొంత బరువు తగ్గుతుంది. అందుకే మదనపల్లెలో 5 రూపాయలు పలికిన కిలో బోయిన్‌పల్లిలో 12 కావడంలో వింతేమీ లేదు. టీవీలో చెప్పేది మొదటి అంకె. కొట్టువాళ్లకు తెలిసింది రెండోది. ఇద్దరి మధ్య వాదన సగం ఇక్కడే మొదలవుతుంది.

ఈ గొలుసులో రైతుకు చేరేది ఎంత అన్నదానికి ఒక లెక్క ఉంది. రిజర్వ్ బ్యాంకు 2024లో వెలువరించిన ఒక వర్కింగ్ పేపర్ ప్రకారం, వినియోగదారు ఖర్చు పెట్టే ప్రతి రూపాయిలో రైతు వాటా టమాటాలో సుమారు 33 పైసలు, ఉల్లిలో 36 పైసలు, ఆలులో 37 పైసలు. మిగిలిన మూడింట రెండు వంతులు ఒక్క కొట్టుకే వెళ్లదు. దారిలో ఉన్న ప్రతి చెయ్యీ కొంత తీసుకుంటుంది, కొంత పాడైపోతుంది. ఆ పాడైపోయే భాగం కూడా చిన్నదేమీ కాదు. నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022లో దేశవ్యాప్తంగా వేసిన అంచనా ప్రకారం కోత తర్వాత నష్టం కూరగాయల్లో 4.87 నుంచి 11.61 శాతం వరకు, పళ్లలో 6.02 నుంచి 15.05 శాతం వరకు ఉంటోంది. కూరగాయల్లో ఎక్కువ నష్టపోయేది టమాటా, పళ్లలో జామ.

ఒక ట్రే లెక్క

కొట్టు దగ్గర ఏం జరుగుతుందో చూడటానికి ఒక ఊహా లెక్క వేసుకోవచ్చు. అంకెలు వీధిని బట్టి మారతాయి గానీ లెక్క తీరు ఇదే.

కొట్టు నడిపే ఆమె తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లి 25 కిలోల ట్రే కిలో 20 చొప్పున 500 రూపాయలకు కొన్నదనుకుందాం. ఆటో కిరాయిలో ఈ ట్రే వాటా, హమాలీ కలిపి 50. పెట్టుబడి 550. ట్రే విప్పితే అడుగున ఒక కిలో నలిగిపోయి ఉంది. మర్నాటికి ఇంకో రెండు కిలోలు మెత్తబడి పారేయాల్సి వచ్చింది. మూడు కిలోలు సగం ధరకు టిఫిన్ సెంటర్‌కు ఇచ్చేసింది. అసలు ధరకు అమ్ముడుపోయింది 19 కిలోలు.

ఆమె కిలో 30కి అమ్మితే 19 కిలోల మీద 570, సగం ధరకు పోయిన మూడు కిలోల మీద 45. మొత్తం 615. పెట్టుబడి పోను మిగిలింది 65 రూపాయలు. కొన్న ధర మీద 50 శాతం పెంచినట్టు కనిపించే ఆ ముప్పై రూపాయల్లో నిజంగా చేతికి వచ్చేది కిలోకు రెండున్నర రూపాయల చిల్లర. కొట్టు అద్దె, కరెంటు, తెల్లవారుజామున 4 గంటలకు లేచిన శ్రమ ఇంకా ఇందులోంచే రావాలి.

ఇప్పుడు ఒక్క మార్పు చేసి చూడండి. ఆ రోజు వాన పడి జనం బయటికి రాలేదు. పారేసింది మూడు కిలోల బదులు ఐదు, సగం ధరకు పోయింది ఐదు. పదిహేను కిలోల మీద 450, ఐదు కిలోల మీద 75. వచ్చింది 525, పెట్టింది 550. లాభం తగ్గడం కాదు, 25 రూపాయలు ఎదురు పోయాయి. అమ్మిన ధర మాత్రం అదే ముప్పై. కూరగాయల వ్యాపారంలో గెలుపోటములు పూర్తి ధరకు అమ్ముడుపోని ఆ నాలుగు కిలోల తేడా మీదే ఉంటాయి.

టోకు సగం పడితే చిల్లర సగం ఎందుకు పడదు?

ఇదే లెక్కను వేర్వేరు టోకు ధరలకు వేసి చూస్తే చాలామందిని తికమకపెట్టే విషయం తేలుతుంది. ఆటో, హమాలీ ఖర్చు టమాటా చవగ్గా ఉన్నా, ఖరీదుగా ఉన్నా ఒకటే. ట్రేకు మిగలాల్సిన 65 రూపాయలు కూడా అంతే. ఆ షరతుతో టోకు 20 ఉన్నప్పుడు కొట్లో ధర 30 కావాలి. టోకు 12కు పడితే కొట్లో 20 దాకా మాత్రమే దిగుతుంది. టోకు 100కు ఎక్కితే కొట్లో 128 చాలు.

అంటే చవక రోజుల్లో కొట్టు ధర టోకు కంటే మూడింట రెండు వంతులు ఎక్కువ, కరువు రోజుల్లో పావు వంతు పైచిలుకు మాత్రమే ఎక్కువ. చూసేవాళ్లకు మాత్రం చవక రోజుల్లో కొట్టు దోచుకుంటున్నట్టు అనిపిస్తుంది. నిజానికి రెండు సందర్భాల్లోనూ ఆ కొట్టుకు మిగిలింది ఒకటే.

ధర బాగా ఎక్కినప్పుడు 128 దగ్గర ఆగదు కూడా. కిలో వంద దాటితే కిలో కొనేవాళ్లు పావుకిలోకు దిగుతారు, సరుకు కదలదు, కదలని సరుకు కుళ్లుతుంది. కుళ్లే ప్రతి కిలోకూ వంద రూపాయలు పోతాయన్న భయంతో కొట్టు ఇంకో పది పెంచుతుంది. 2023 జులైలో చాలా నగరాల్లో టమాటా 150 దాటి 200 వైపు వెళ్లినప్పుడు జరిగింది ఇలాంటిదే. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50కి రాయితీ టమాటా అమ్మించింది. కేంద్రం జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్య (ఎన్‌సీసీఎఫ్) ద్వారా మొదట 90కి, తర్వాత 80కి, ఆపైన 70కి అమ్మించింది. అప్పట్లో చాలా చిన్న కొట్లు టమాటా తేవడమే తగ్గించాయి. తేకపోతే లాభం రాదు, కానీ నష్టమూ ఉండదు.

అయితే అంతా లెక్కలోకి ఇమిడిపోతుందని అనుకోవడం పొరపాటు. ధర ఎక్కిన రోజు కొట్లో బోర్డు వెంటనే మారుతుంది, దిగిన రోజు రెండు మూడు రోజులు పాత ధరే నడుస్తుంది. నిన్న ఎక్కువకు కొన్న సరుకు మిగిలిందన్నది కొంతవరకు నిజమైన కారణమే. కానీ పక్కన ఇంకో కొట్టు లేని చోట, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒకే ఒక్క దుకాణం ఉన్న చోట ఆ రెండు రోజులు వారమవుతాయి. పోటీ లేకపోవడానికి ఇచ్చే మూల్యం అది, దానికి కుళ్లుడు లెక్కతో పనిలేదు. బేరం ఆడి సాధించుకోగలిగింది ఈ భాగాన్నే.

ఏరుకునే చెయ్యి, కొసరు వేసే చెయ్యి

చిన్న కొట్టు ధరను నడిపే ఇంకో శక్తి కొనేవాళ్ల వేళ్లు. పొద్దున్నే వచ్చినవాళ్లు బెండకాయ కొస విరిచి చూసి, వంకాయ తిప్పి చూసి, మంచివి ఏరుకుంటారు. ఏరిన ప్రతిసారీ మిగిలిన రాశి నాణ్యత ఒక మెట్టు దిగుతుంది. కొస విరిగిన బెండ సాయంత్రానికి నల్లబడుతుంది. నొక్కి చూసిన టమాటా రాత్రికి మెత్తబడుతుంది. కాబట్టి ఉదయం ముప్పై, సాయంత్రం ఇరవై అంటే అవి ఒకే సరుకుకు రెండు ధరలు కావు. పేరు ఒకటే, సరుకులు రెండు. ఏరుకోనిచ్చే కొట్లో ధర కాస్త ఎక్కువగా, "ఏరకూడదు, నేనే వేస్తా" అనే బండి దగ్గర కాస్త తక్కువగా ఉండటానికి కారణం ఇదే.

కొసరు సంగతి కూడా చెప్పుకోవాలి. నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ, కొంచెం కొత్తిమీర ఊరికే వేయడం మన వైపు పాత అలవాటు. కొట్టుకు అది ఉత్త ఉదారత కాదు. కరివేపాకు, కొత్తిమీర మర్నాటికి వాడిపోయేవే. వాడిపోయే ముందు వాటితో ఒక గిరాకీని నిలబెట్టుకుంటారు. టమాటాలో రూపాయి తగ్గించమని అడిగితే ససేమిరా అనే ఆమె, రెండు రూపాయల కరివేపాకు అడగకుండానే వేస్తుంది. టమాటా రూపాయి అందరికీ తగ్గించాలి, కరివేపాకు ఎలాగూ పోయేదే. ఈ మధ్య కొసరు తగ్గిపోయిందని చాలామంది బాధపడుతుంటారు. పచ్చిమిర్చి, కొత్తిమీర ధరలే విపరీతంగా ఊగుతున్న రోజుల్లో ఊరికే వేయడం కష్టమే.

అరువు గురించి అంతగా మాట్లాడుకోరు. నెలాఖరున ఖాతా పుస్తకంలో రాయించుకుని, జీతం రాగానే కట్టే ఇళ్లు ఇప్పటికీ ప్రతి వీధిలో ఉన్నాయి. కొట్టు మాత్రం మార్కెట్‌లో నగదు ఇచ్చే కొంటుంది. ఉదయం తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసుకునే రోజువారీ వడ్డీల మీద నడిచే తోపుడు బళ్లూ ఉన్నాయి. రోజుకు వంద రూపాయల వడ్డీ అంటే, పైన చెప్పిన లెక్కలో ఒక ట్రే మీద మిగిలే దానికంటే ఎక్కువ. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకు తొలి విడతగా 10 వేల రూపాయల రుణం ఇచ్చింది ఈ ఉచ్చును తెంచడానికే. అది అందిన చోట బండి ధర తగ్గడానికి కూడా అవకాశం ఉంటుంది.

తాజా అంటే ఏది తాజా?

ఏసీ సూపర్ మార్కెట్‌లో మెరిసే కూరగాయ తాజాదని, దుమ్ము రోడ్డు పక్కన గోనెపట్టా మీద ఉన్నది కాదని చాలామంది అనుకుంటారు. తాజాదనాన్ని తేల్చేది చల్లదనం ఒక్కటే కాదు, సరుకు ఎంత వేగంగా చేతులు మారుతోందన్నది ఇంకా ముఖ్యం. నిన్న సాయంత్రం చేవెళ్లలో కోసిన పాలకూర ఈ ఉదయం కొట్టుకు వచ్చి మధ్యాహ్నానికి అమ్ముడైపోతే, మూడు రోజులు గిడ్డంగిలో ఉండి వచ్చినదాని కంటే అదే తాజా. ఆకుకూరల్లో ఇంటి దగ్గరి కొట్టును మించింది దొరకడం కష్టం, అదీ ఉదయం పూట కొంటేనే.

ఆలుగడ్డ సంగతి పూర్తిగా వేరు. ఉత్తరాదిలో ఫిబ్రవరి, మార్చిల్లో తవ్వి శీతల గిడ్డంగుల్లో పెట్టినదే నవంబరు దాకా వస్తుంది. రబీ ఉల్లి వేసవిలో నిల్వ చేస్తే అక్టోబరు వరకు లాగాలి. సెప్టెంబరు దాటాక ఉల్లి ధర ఎక్కేది ఆ నిల్వ అడుగంటడం వల్లనే. కశ్మీర్, హిమాచల్ యాపిల్ ఆగస్టు నుంచి అక్టోబరు లోపు కోస్తారు. ఏప్రిల్‌లో చేతికొచ్చే దేశవాళీ యాపిల్ గిడ్డంగి సరుకే. దాన్ని "ఫ్రెష్" అని ఎవరు అమ్మినా కొత్తగా కోసిందని అర్థం కాదు.

కొట్లో సరుకును కాపాడే పద్ధతుల్లో తడి గోనెపట్టా పాతదీ, చవకదీ. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోతగా ఉండే విశాఖ, కాకినాడల్లో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆవిరి కావడమే తక్కువ, చల్లబడేదీ తక్కువ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇదే సూత్రం మీద ఇటుకలు, తడి ఇసుకతో కరెంటు అక్కర్లేని చల్లని గదిని ఎప్పుడో రూపొందించింది. వీధి కొట్లకు ఎంతో పనికొచ్చే ఆ ఆలోచన కొట్ల దాకా రాకపోవడం విచారకరం. దానికి కావాల్సిన రెండు గజాల స్థలమే నగరంలో అన్నిటికంటే ఖరీదైన వస్తువు.

నీళ్లు చల్లడం మీద అనుమానాలు ఎక్కువ. కట్టల లెక్కన అమ్మే ఆకుకూరలకు నీళ్లు చల్లితే బరువుతో మోసం జరగదు, ఆకు నిలుస్తుంది. తూచి అమ్మేవాటి మీద చల్లితే కొంత బరువు కలుస్తుంది, పైగా తడి చేరిన బీన్స్, బెండ త్వరగా కుళ్లుతాయి. అరటి, టమాటా, యాపిల్ పండుతూ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. వాటి పక్కన పెట్టిన ఆకుకూరలు, దోసకాయలు త్వరగా పసుపెక్కుతాయి. పళ్లనూ ఆకుకూరలనూ విడివిడిగా పెట్టే కొట్టు కనిపిస్తే అక్కడ సరుకు సంగతి తెలిసినవాళ్లు ఉన్నట్టు లెక్క. ఇంట్లోనూ అంతే. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. ఆలుగడ్డ వెలుతురులో పెడితే పచ్చబడి చేదెక్కుతుంది, ఆ పచ్చటి భాగం తినకూడదు.

పళ్లు ఎందుకు తక్కువ పెడతారు?

చిన్న కొట్లలో అరటి గెల తప్ప పళ్లు పెద్దగా కనిపించవు. కూర రోజూ వండక తప్పదు, పండు తప్పించుకోగలిగిన ఖర్చు. కిలో 180 పెట్టి తెచ్చిన దానిమ్మ నాలుగు రోజులు కదలకపోతే వారం లాభం అందులోనే పోతుంది. అరటికి ఆ భయం లేదు. పచ్చిగా తెచ్చి పండించుకోవచ్చు, డజను లెక్కన అమ్మవచ్చు, శ్రావణ శుక్రవారాల్లో, కార్తీక మాసంలో గిరాకీ తప్పదు. ఆ నెలల్లో పళ్లు, కూరగాయల ధర ఎక్కడానికి పూజలు ఎంత కారణమో, మాంసం మానేసిన ఇళ్లు కూరగాయల వైపు మళ్లడం అంతే కారణం.

మామిడి సీజన్ రాగానే కార్బైడ్ భయం మొదలవుతుంది. కాల్షియం కార్బైడ్‌తో పళ్లు పండించడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువుతో గదుల్లో పండించడానికి అనుమతి ఉంది, గాఢత పది లక్షల భాగాల్లో 100 భాగాలకు మించకూడదు. చెట్టు మీద పండ్లు తమంతట తాము వదిలే వాయువే ఇది. కాబట్టి "మందు పెట్టి పండించారు" అన్న ఒక్క మాట కింద ఈ రెండింటినీ కలిపేయడం సరికాదు. కాయలన్నీ ఒకే రంగులో మెరుస్తూ, వాసన లేకుండా, లోపల గట్టిగా ఉంటే అనుమానించాలి. కానీ చూపుతో మాత్రమే తేల్చడం కష్టం. పండించేది కొట్టువాళ్లు కాదు, పైనున్న గోదాముల్లో. తనిఖీలు జరగాల్సింది అక్కడ.

రైతు బజారు, యాప్, వీధి కొట్టు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు నేరుగా అమ్ముకుంటాడు. ఆ రోజు ధరను బజారు బాధ్యత చూసే ఎస్టేట్ అధికారి టోకు ధర కంటే కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా నిర్ణయించి బోర్డు మీద రాయిస్తారు. మెహదీపట్నం, ఎర్రగడ్డ, విశాఖ ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల ఆ బోర్డు చుట్టుపక్కల కొట్లన్నిటినీ అదుపులో పెట్టే కొలబద్ద. బజారుకు వెళ్లకపోయినా ఆ ధర తెలుసుకుని ఉండటం బేరానికి పనికొస్తుంది.

రైతు బజారులో కిలోకు పది రూపాయలు ఆదా అయిందనుకుందాం. ఐదు కిలోలు కొంటే యాభై మిగులుతుంది. ఆటోలో వెళ్తే అది రానుపోను కిరాయికి సరిపోదు. బండి ఉండి, వారానికి సరిపడా పది కిలోలు తెచ్చుకునే ఇంటికి లాభమే. కానీ వారం సరుకులో కొత్తిమీర సగం, దోసకాయ ఒకటి, నాలుగు వంకాయలు చెత్తబుట్టకు పోతే కొట్టు మోయాల్సిన కుళ్లుడు ఇంటికి చేరినట్టే. పావుకిలో బెండ, రెండు కట్టల తోటకూర అప్పటికప్పుడు కొనేవాళ్లు కిలో ధర ఎక్కువిచ్చి ఆ కుళ్లుడును కొట్టుకు వదిలేస్తున్నారు. ఉల్లి, ఆలు, వెల్లుల్లి, చేమ లాంటి నిలవుండేవి బజారులో ఎక్కువగా కొని, ఆకుకూర, టమాటా, పచ్చిమిర్చి వీధి కొట్లో రోజూ కొనుక్కునే పాత ఇళ్ల పద్ధతి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

నిమిషాల్లో ఇంటికి తెచ్చే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటి యాప్‌లు వేరే దారి పట్టాయి. కొనేవాళ్లు ఏరుకోలేరు కాబట్టి రాశి చెడదు. గ్రేడింగ్ ముందే అవుతుంది, అరకిలో ప్యాకెట్లుగా వస్తుంది. కొన్ని కూరగాయల మీద కొట్టు కంటే తక్కువ ధర పెట్టి, మిగతా సరుకుల మీద, డెలివరీ చార్జీల మీద రాబట్టుకోగలరు. వీధి కొట్టుకు ఆ వెసులుబాటు లేదు. టమాటా నష్టం టమాటాలోనే తేలాలి, లేదా పక్కన ఉన్న వంకాయలో.

తూకం దగ్గర మాత్రం ఏ లెక్కలూ సమర్థన కావు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా పరీక్షించి ముద్ర వేయాలి. కాటా మీద సరుకు పెట్టక ముందు సున్నా చూపిస్తోందా, గిన్నె బరువు తీసేశారా అన్నది చూసుకోవడం కొనేవాళ్ల హక్కు. కిలోకు యాభై గ్రాములు తగ్గితే ముప్పై రూపాయల టమాటాలో రూపాయిన్నర పోయినట్టు. పేదవాళ్లు పావుకిలోల్లో కొంటారు కాబట్టి ఎక్కువసార్లు నష్టపోయేది వాళ్లే.

ఫిలడెల్ఫియాలో ఫ్రిజ్ ఇచ్చి మరీ

అమెరికాలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. అక్కడి పేద పేటల్లో వీధి కొట్లు ఉన్నాయి, వాటిలో చిప్స్, కూల్‌డ్రింకులు ఉన్నాయి, కూరగాయలు లేవు. ఫిలడెల్ఫియాలో ది ఫుడ్ ట్రస్ట్ అనే సంస్థ 2004లో కొద్ది కొట్లతో ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. 2010 నుంచి నగర ఆరోగ్య శాఖతో కలిసి దాన్ని 600కు పైగా కొట్లకు విస్తరించింది. చిన్న ఫ్రిజ్‌లు, అరలు ఇచ్చారు, పాడవకుండా ఎలా అమ్మాలో నేర్పారు. 2009 అక్టోబరు నుంచి గర్భిణులకు, చిన్న పిల్లలకు ఇచ్చే ప్రభుత్వ ఆహార సాయంలో పళ్లు, కూరగాయల కూపన్లు చేర్చడంతో కొట్లకు కొంత గిరాకీ ఖాయమైంది. మినియాపొలిస్ నగరం 2008లో కిరాణా లైసెన్సు ఉన్న కొట్లు కొన్ని ముఖ్యమైన ఆహార పదార్థాలు తప్పనిసరిగా ఉంచాలని చట్టమే చేసింది.

ఫలితం మిశ్రమం. సరుకు పెట్టినంత మాత్రాన తిండి మారిపోలేదు. పేద, ధనిక కుటుంబాల మధ్య ఆహార నాణ్యతలో ఉన్న తేడాలో దుకాణాల అందుబాటు వల్ల వచ్చేది పదో వంతేనని 2019లో ఆర్థికవేత్తలు వెలువరించిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. మన వీధి కొట్టుకు ఫ్రిజ్ లేకపోయినా నిలబడటానికి కారణం ఇక్కడ తెలుస్తుంది. ఇక్కడ పూట పూటకూ కూర వండుతారు, గిరాకీ ముందే ఉంది. దాన్ని ఎవరూ కూపన్లతో పుట్టించాల్సిన పని లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గోంగూర, దొండకాయల కోసం వారానికోసారి ఇండియన్ స్టోర్‌కు కారేసుకుని వెళ్తుంటాయి. రోజూ ఇంటి ముందుకు వచ్చే తోటకూర కట్ట ఎంత పెద్ద సౌకర్యమో వాళ్లకు బాగా తెలుసు.

ముందు ఏం జరగొచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పళ్లు, కూరగాయలు కావాలంటుంది, ఆలుగడ్డ లాంటి దుంపలు కాకుండా. నలుగురున్న ఇంటికి అది రోజుకు 1.6 కిలోలు, వారానికి పదకొండు కిలోల పైమాటే. ఫ్రిజ్ లేని ఇల్లు అంత సరుకును వారానికోసారి తెచ్చిపెట్టుకోలేదు. రోజు కూలీ వచ్చాక సాయంత్రం ఇరవై రూపాయల కూరగాయలు కొనే ఇంటికి యాప్‌లోని కనీస ఆర్డరు పనికిరాదు. మెట్లు దిగి పది అడుగులు మాత్రమే నడవగలిగే పెద్దవాళ్లకు రైతు బజారు దూరమే.

ఇక్కడే ఒక ప్రమాదం కనిపిస్తోంది. ఎక్కువ సరుకు కొనే ఇళ్లు యాప్‌ల వైపు, సూపర్ మార్కెట్ల వైపు మళ్లితే వీధి కొట్లో సరుకు కదలడం నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే కుళ్లేది పెరుగుతుంది. అది పెరిగితే ధర పెరగాలి, లేదా రకాలు తగ్గాలి. అది చూసి ఇంకో నాలుగిళ్లు మళ్లుతాయి. చివరికి ఉల్లి, ఆలు, పచ్చిమిర్చి మాత్రమే పెట్టి ఊరుకున్న కొట్లు ఇప్పటికే చాలా కాలనీల్లో ఉన్నాయి. ఆకుకూర ముందు పోతుంది, తర్వాత బెండ, బీర. మిగిలిన గిరాకీ ఎవరిదంటే, వేరే దారి లేనివాళ్లది. వాళ్లు ఎక్కువ ధరకు తక్కువ రకాలు కొనుక్కోవాల్సి వస్తుంది.

నాలుగైదు కొట్లు కలిసి ఒకే ఆటోలో సరుకు తెచ్చుకుంటే కిరాయి తగ్గుతుంది, ఒక ట్రేను ఇద్దరు పంచుకుంటే కుళ్లేదీ తగ్గుతుంది. కొన్నిచోట్ల ఆడవాళ్లు నడిపే కొట్లలో ఇది ఏ పథకం లేకుండానే జరుగుతోంది. మార్కెట్‌లో మిగిలిపోయిన సరుకుకు కూడా దారి ఉంది. బోయిన్‌పల్లిలో రోజుకు దాదాపు పది టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు తీస్తున్న సంగతి 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ప్రస్తావనకు వచ్చింది. వీధి కొట్లో కుళ్లిన మూడు కిలోలకు మాత్రం అలాంటి దారి లేదు, అవి నేరుగా ఆమె లాభంలోంచి పోతాయి. రాత్రి తొమ్మిదింటికి ట్రేలో మిగిలింది మూడు కిలోలా, పది కిలోలా అన్నది చూసుకున్నాకే, మర్నాడు నాలుగింటికి బోయిన్‌పల్లి ఆటో ఎక్కాలా వద్దా అన్నది ఆమె తేల్చుకుంటుంది.